1972 సీ10 పికప్‌లో రోజూ ఆఫీసుకి వెళ్తే మైలేజీ ఎంత వస్తుంది?

మీరు అడిగింది టూకీగా ఇదీ: ఉండేది టెక్సాస్‌లోని ప్లేనోలో, ఆఫీసు ఇర్వింగ్‌లో, పోను 22 మైళ్ళు, రాను 22. 1972 షెవర్లే సీ10 ఒకటి బేరానికి వచ్చింది, 350 వీ8 ఇంజను (ఎనిమిది సిలిండర్లు, 350 ఘనపు అంగుళాల సైజు), మూడు గేర్ల ఆటోమేటిక్. దాన్ని షెడ్డులో దాచుకోకుండా రోజూ నడపాలని మీ కోరిక. మైలేజీ ఎంత వస్తుంది, 20 దాకా లాగొచ్చా, లేక ఇంట్లో వాళ్ళు భయపడుతున్నట్టు జీతమంతా గ్యాస్‌కే (ఇక్కడ పెట్రోలుని అలాగే అంటారు) పోతుందా అని అడుగుతున్నారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మంచి కండిషన్‌లో ఉన్న బండి అయితే గ్యాలన్‌కు 11 నుంచి 14 మైళ్ళు. మన లెక్కలో లీటరుకి దాదాపు 5 నుంచి 6 కిలోమీటర్లు. కండిషన్ బాగాలేకపోతే 8, 9కి పడిపోవడం చాలా తేలిక. ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజను చుట్లు తగ్గించే పై గేరు) ఉన్న గేర్‌బాక్స్ వేయిస్తే 15, 16 చూడొచ్చు. 20 మాత్రం ఆ బండితో, ఆ ఇంజనుతో, మీ రూట్లో రాదు, ఎవరైనా వస్తుందని చెబితే వాళ్ళ ఓడోమీటరు సరిగ్గా లేదనే అనుకోండి. అయినా సరే ఆ బండి కొనొద్దని నేను అనను. ఎందుకో కింద లెక్కతో సహా చెబుతాను.

నేను టెక్సాస్‌లోనే ఉంటాను. 2011 నుంచి పాత పికప్పుల్లోనే ఆఫీసుకి వెళ్తున్నాను. ఇప్పటికి మూడు నడిపాను: 1971 సీ10 (మీరు చూస్తున్నదానికి స్వయానా అన్న, అదే 350, అదే టీహెచ్350 గేర్‌బాక్స్), 1978 ఫోర్డ్ ఎఫ్-100 ఆరు సిలిండర్లది, 1986 టొయోటా చిన్న పికప్పు. మూడింటికీ గ్లవ్‌బాక్స్‌లో ఒక నోట్‌బుక్ పెట్టి, ట్యాంకు నింపించిన ప్రతిసారీ మైళ్ళు, గ్యాలన్లు రాసుకున్నాను. కింద నా అంకెలన్నీ ఆ పుస్తకంలోవే.

చాలామంది వీ8 కాబట్టే ఇంత తాగుతుంది అనుకుంటారు. ఇంజను కొంత కారణమే, కానీ హైవే మీద అసలు కథ గేరింగ్‌లోనూ స్పీడులోనూ ఉంది. టీహెచ్350కి మూడో గేరే ఆఖరు, అది 1:1, అంటే ఇంజను ఎన్ని చుట్లు తిరిగితే డ్రైవ్‌షాఫ్టూ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలని తిప్పే కడ్డీ) అన్నే తిరుగుతుంది. వెనక యాక్సిల్ రేషియో (వెనక చక్రాలు రెండూ ఒక చుట్టు తిరగడానికి డ్రైవ్‌షాఫ్ట్ తిరగాల్సిన చుట్లు) 3.73, టైరు 28 అంగుళాలు అయితే 65 మైళ్ళ దగ్గర ఇంజను నిమిషానికి 2900 చుట్ల మీద మోగుతూ ఉంటుంది. ఇప్పటి కారు అదే స్పీడులో దాదాపు 2000 దగ్గర తిరుగుతుంది. మీరు వెళ్ళే 22 మైళ్ళూ ఇంజను రెండో గేర్లో ఎత్తు ఎక్కుతున్నట్టు అరుస్తూనే ఉంటే అది తాగక ఏం చేస్తుంది?

ఇక గాలి. ఈ పికప్పు ముందుభాగం నిలువుగా గోడలా ఉంటుంది. గాలి ఎదురుతోపు స్పీడుకి వర్గంగా పెరుగుతుంది, అంటే 55 నుంచి 70కి వెళ్తే ఎదురుతోపు 60 శాతం పైనే ఎక్కువ. నా 1971 బండిలో ఒకే రూటు, ఒకే బంకు, రెండు వారాలు 55లో వెళ్తే 15.1 వచ్చింది, రెండు వారాలు 70లో వెళ్తే 11.8. ఒక్క పైసా ఖర్చు లేకుండా మూడు మైళ్ళ తేడా. 1973 చివర్లో అరబ్ దేశాలు చమురు ఆపేశాక అమెరికా ప్రభుత్వం దేశమంతా 55 లిమిట్ పెట్టింది ఊరికే కాదు. మీ బండి డిజైన్ చేసింది దానికి ముందు, గ్యాలన్ 36 సెంట్లు ఉన్న రోజుల్లో. దాని దగ్గర ఆ రోజుల అలవాట్లే ఉంటాయి.

మీ రూట్లో జార్జ్ బుష్ టర్న్‌పైక్ మీద 55లో వెళ్తే వెనకవాళ్ళు హారన్ కొడతారు, నిజమే, ప్రమాదం కూడా. కుడి లేనులో 60, 62 దగ్గర ఉండండి, అది నాకు కుదిరింది. వీలైతే సర్వీస్ రోడ్లు, సిగ్నళ్ళు తక్కువ ఉన్న లోపలి రోడ్లు ఒకసారి ప్రయత్నించండి. పది నిమిషాలు ఎక్కువ పట్టినా బండికీ, మీకూ హాయిగా ఉంటుంది.

ఇప్పుడు బండి ఆరోగ్యం గురించి. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే డబ్బులన్నీ పోయేది ఇక్కడే, తిరిగొచ్చేదీ ఇక్కడే.

నా 1971 బండి కొన్న కొత్తలో 11.2 వచ్చేది. పాత ఓనరు అంతకుముందే ఒక షాపులో "ఫుల్ ట్యూనప్" చేయించాడు, బిల్లు కూడా చూపించాడు. నెల తర్వాత ఒక శనివారం ఎయిర్‌క్లీనర్ ఊడదీసి చూస్తుంటే డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది) పక్కన సన్నటి రబ్బరు గొట్టం కనిపించింది, దాని మూతిలో ఒక స్క్రూ బిగించి ఉంది. అది వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం. హైవేలో యాక్సిలరేటర్ మీద కాలు తేలికగా ఉన్నప్పుడు స్పార్క్‌ని ఇంకాస్త ముందుగా పడేలా చేసేది అదే. దాన్ని మూసేస్తే బండి నడుస్తుంది, ఐడిల్ కూడా బాగానే ఉంటుంది, కానీ గ్యాస్ తాగుతుంది, వేడెక్కుతుంది. స్క్రూ పీకి, కొత్త గొట్టం తగిలించి, టైమింగ్ లైటుతో సరిచూసుకున్నాక తర్వాతి నాలుగు ట్యాంకుల సగటు 12.6. అయిన ఖర్చు నాలుగు డాలర్లు. బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు మొదట ఈ గొట్టం ఎక్కడికి వెళ్తోందో చూడండి.

తర్వాత కార్బ్యురేటర్. 350 మీద కంపెనీ ఇచ్చింది నాలుగు బ్యారెళ్ళ (గాలి, గ్యాస్ కలిసి ఇంజనులోకి దిగే గొట్టాల) క్వాడ్రాజెట్. దానికి పాపం చెడ్డపేరు ఉంది, కానీ మైలేజీకి అంతకన్నా మంచిది దొరకదని నా నమ్మకం. ముందు రెండు బ్యారెళ్ళు చిన్నవి, వెనక రెండు చాలా పెద్దవి. మామూలుగా వెళ్తున్నంతసేపూ చిన్నవాటితోనే పని, కాలు గట్టిగా తొక్కితేనే పెద్దవి తెరుచుకుంటాయి. దాన్ని తీసేసి రేసు బండికి వేసే పెద్ద కార్బ్యురేటర్ పెట్టిన బండి అయితే 9 కంటే ఎక్కువ ఆశించకండి. చోక్ మూత కూడా చూడండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, ఇంజను వేడెక్కాక నిలువుగా నిలబడాలి. సగం మూసుకునే ఉండిపోతే రోజంతా బండి పచ్చి గ్యాస్ తాగుతున్నట్టే.

తెనాలిలో మా బాబాయి జీపు నడిపేవారు. అక్కడి మెకానిక్ ప్లగ్గు విప్పి, కొన మీద రంగు చూసి కార్బ్యురేటర్ స్క్రూ తిప్పేవాడు. మీటర్లూ లేవు, కంప్యూటర్లూ లేవు. పింగాణీ భాగం పాలు ఎక్కువ పోసిన కాఫీ రంగులో ఉంటే సరిగ్గా ఉన్నట్టు, నల్లగా మసి పట్టి ఉంటే గ్యాస్ ఎక్కువ వస్తున్నట్టు, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే తక్కువ వస్తున్నట్టు. నేను ఇప్పటికీ అదే చేస్తాను. ఎనిమిది ప్లగ్గులూ విప్పి, ఏ సిలిండర్‌ది ఏదో వరసగా ఒక అట్టమీద పేర్చి చూస్తాను. ఏడు ఒకలా ఉండి ఒకటి వేరేగా ఉంటే గొడవ కార్బ్యురేటర్‌లో కాదు, ఆ సిలిండర్‌లో.

2016లో ఉన్నట్టుండి నా సీ10 మైలేజీ 13 నుంచి 9కి పడిపోయింది. ఎక్కడా కారడం లేదు, పొగ లేదు, బండి పరిగెడుతోంది. మూడు వారాలు తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గడం పోయి పెరిగింది, ముక్కు దగ్గర పెట్టుకుంటే గ్యాస్ వాసన గుప్పుమంది. ఇంజను పక్కనుండే పాతకాలం గ్యాస్ పంపులో రబ్బరు డయాఫ్రమ్ చిరిగి, గ్యాస్ నేరుగా ఆయిల్‌లోకి దిగుతోంది. ఇంకో నెల అలాగే నడిపి ఉంటే బేరింగులు పోయేవి. నోట్‌బుక్ లేకపోతే ఆ విషయం నాకు తెలిసేదే కాదు. అందుకే మైలేజీ రాసుకోమని అందరికీ పోరు పెడతాను. అది డబ్బు లెక్క ఒక్కటే కాదు, బండికి నాడి చూడడం లాంటిది.

బ్రేకులు. డ్రమ్ము బ్రేకు సరిగ్గా వదలకపోతే బండి నాలుగు చక్రాల మీద కాక మూడింటి మీద నడుస్తున్నట్టు లాగుతుంది. పది మైళ్ళు తిరిగొచ్చి, బ్రేకు పెద్దగా తొక్కకుండా ఆపి, ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకుండా దగ్గరగా. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే దొరికినట్టే. టైర్లలో గాలి 35 ఉంచండి. థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా రేడియేటర్‌కి నీళ్ళు వెళ్ళకుండా ఆపేది) 195 డిగ్రీల ఫారెన్‌హీట్‌ది వేయండి. టెక్సాస్ ఎండకి భయపడి 160ది వేస్తారు చాలామంది, దానివల్ల ఇంజను ఎప్పుడూ సరైన వేడికి రాదు, మైలేజీ పోతుంది. బండి మరీ వేడెక్కుతుంటే రేడియేటర్ సంగతి చూడాలి, థర్మోస్టాట్ తగ్గించడం దానికి మందు కాదు.

ప్రీమియం గ్యాస్ పోయిస్తే మైలేజీ పెరుగుతుందా అని కూడా అడిగారు. పెరగదు. జనరల్ మోటార్స్ 1971 మోడళ్ళ నుంచే కంప్రెషన్ తగ్గించేసింది, మీ ఇంజనుకి మామూలు 87 ఆక్టేన్ చాలు. ఇప్పటి బంకుల్లో వచ్చే గ్యాస్‌లో 10 శాతం ఇథనాల్ ఉంటుంది, దానివల్ల మైలేజీ 3 శాతం దాకా తగ్గుతుంది, అది మన చేతిలో లేదు. కానీ అదే ఇథనాల్ 1970ల నాటి రబ్బరు గొట్టాలను మెత్తబరిచి పగలగొడుతుంది, అది మాత్రం మన చేతిలో ఉంది. 1972 దాకా సీ10 గ్యాస్ ట్యాంకు క్యాబిన్ లోపల, సీటు వెనకే ఉంటుంది. మీ వీపుకీ ట్యాంకుకీ మధ్య ఒక్క సీటే అడ్డం. క్యాబిన్‌లో కొంచెం గ్యాస్ వాసన వచ్చినా "పాత బండి కదా, అంతే" అనుకోకండి. కొన్న వారంలోనే గొట్టాలన్నీ ఇథనాల్‌కి తట్టుకునే కొత్తవి వేయించండి. ఇందులో బేరం ఆడొద్దు.

టెయిల్‌గేటు (వెనక సామాను తొట్టి తలుపు) దించుకుని వెళ్తే గాలి సాఫీగా పోతుంది, మైలేజీ పెరుగుతుంది అని ఎవరో చెప్పారన్నారు. అది నిజం కాదు. గేటు మూసి ఉంటే ఆ తొట్టిలో గాలి సుడిలా చేరి దిండులా నిలుస్తుంది, పై గాలి దాని మీదుగా జారిపోతుంది. గేటు దించితే ఆ దిండు చెదిరిపోతుంది. మూసే ఉంచండి.

ఓవర్‌డ్రైవ్ సంగతికి వస్తాను. 2018లో నా బండికి 700ఆర్4 గేర్‌బాక్స్ వేయించాను. ఇది 1982 నుంచి వచ్చిన నాలుగు గేర్లది, నాలుగోది 0.70. ఇందాక చెప్పిన 2900 చుట్లు ఒక్కసారిగా 2000 చిల్లరకి దిగాయి. మొదటిరోజు హైవే మీద నాలుగో గేరు పడగానే ఎంత నిశ్శబ్దంగా అయిందంటే ఇంజను ఆగిపోయిందేమోనని మీటరు వైపు చూశాను. మైలేజీ సగటున 12.5 నుంచి 15.5కి పెరిగింది. రీబిల్డ్ చేసిన గేర్‌బాక్స్, డ్రైవ్‌షాఫ్ట్ కత్తిరించి సరిచేయడం, కూలీ అన్నీ కలిపి నాకు 3200 డాలర్లు అయింది. మీరు ఏడాదికి 10,500 మైళ్ళు తిరుగుతారు అనుకుంటే, గ్యాలన్ 3 డాలర్ల లెక్కన మిగిలేది ఏడాదికి సుమారు 490 డాలర్లు. అంటే పెట్టింది రావడానికి ఆరున్నరేళ్ళు. డబ్బు కోసమే అయితే వేయించకండి. చెవులకి సుఖం కోసం, ఇంజను ఆయుష్షు కోసం అయితే తప్పకుండా వేయించండి, నేనైతే మళ్ళీ వేయిస్తాను. ఒక్క జాగ్రత్త: దీనికి కార్బ్యురేటర్ నుంచి గేర్‌బాక్స్‌కి టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ అని ఒకటి ఉంటుంది, కాలు ఎంత తొక్కామో గేర్‌బాక్స్‌కి చెప్పేది అదే, దాని కొలత తప్పితే గేర్‌బాక్స్ లోపల కాలిపోతుంది. ఆ పని తెలిసిన మనిషి చేతే చేయించాలి.

ఆరు సిలిండర్లది కొంటే మేలు కాదా అనేవాళ్ళకి నా ఎఫ్-100 సంగతి. ఫోర్డ్ 300 ఇంజను నిజంగా మొండిఘటం, 1965 నుంచి 1996 దాకా అదే ఇంజను తయారుచేశారంటే అర్థం చేసుకోండి. మూడు గేర్లు, స్టీరింగ్ పక్కన గేరు కర్ర. ఊళ్ళో, 55 లోపు 16 దాకా వచ్చేది. 70లో మాత్రం 12.5. దానికీ ఆఖరి గేరు 1:1 కదా, అక్కడ వీ8కీ దానికీ పెద్ద తేడా లేదు.

మీకు నిజంగా 20 పైన కావాలంటే చిన్న జపాన్ పికప్పు కొనండి. నా 1986 టొయోటా 22ఆర్ఈ ఇంజను, 2.4 లీటర్లు, అయిదు గేర్లు, ఫ్యూయల్ ఇంజెక్షన్, ఆఫీసు రూట్లో సగటు 24 ఇచ్చింది. పొద్దున్నే తాళం తిప్పితే స్టార్ట్ అవుతుంది, చోక్ గొడవ లేదు. కానీ పొడుగ్గా ఉండేవాళ్ళకి మోకాళ్ళు డాష్‌బోర్డుకి తగులుతాయి, ఆగస్టులో ఏసీ వేసుకుని చడావు ఎక్కాలంటే ఓపిక కావాలి.

ఇక ఇంట్లో చూపించడానికి డబ్బు లెక్క. ఏడాదికి 10,500 మైళ్ళు, 12.5 మైలేజీకి 840 గ్యాలన్లు, 2520 డాలర్లు. 30 ఇచ్చే మామూలు కారుకి 350 గ్యాలన్లు, 1050 డాలర్లు. తేడా 1470, అంటే నెలకి 120 చిల్లర. కొత్త కారు నెల వాయిదా పక్కన పెట్టి చూస్తే ఇది చిన్నదే. పైగా బాగా చూసుకున్న సీ10 ధర కొత్త కారు ధరలా పడిపోదు. కాబట్టి గ్యాస్ వల్ల మునిగిపోతారన్న టెన్షన్ వదిలేయండి. అసలు ఖర్చు రిపేర్లలో ఉంటుంది. మొదటి ఏడాది నాకు గ్యాస్ కంటే పార్టులకే ఎక్కువ అయింది. మీ చేత్తో మీరు చేసుకోగలిగితే సరే, ప్రతి చిన్నదానికీ షాపుకి వెళ్ళాల్సి వస్తే ఈ లెక్క తలకిందులవుతుంది.

ఇంకో సంగతి తెలుసుకోండి. 12 నుంచి 15కి పెరిగితే ఏడాదికి మిగిలేది 175 గ్యాలన్లు. 30 ఇచ్చే కారుని 37కి తెచ్చినా మిగిలేది 66 గ్యాలన్లే. పాత బండి మీద పెట్టే చిన్న శ్రద్ధకి అంత ఫలితం ఉంటుంది.

కొనేముందు రెండు కాగితం పనులు. టెక్సాస్‌లో యాంటిక్ నంబరు ప్లేటు తీసుకుంటే రోజూ ఆఫీసుకి వాడకూడదు, అది ప్రదర్శనలకీ పరేడ్లకీ అలాంటివాటికే. క్లాసిక్ ప్లేటుకి ఆ అడ్డం లేదు. ఇన్సూరెన్స్ కూడా అంతే, పాత బండ్లకి చవకగా ఇచ్చే కలెక్టర్ పాలసీల్లో రోజూ ఆఫీసుకి నడపడం సాధారణంగా కవర్ కాదు. ఏజెంటుకి ఉన్నది ఉన్నట్టు చెప్పి మామూలు పాలసీ తీసుకోండి. రేపు ఏదైనా జరిగితే అబద్ధం చెప్పిన పాలసీ అక్కరకి రాదు. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, ముందు బండికి మీరు ఇప్పుడు వదిలే దూరానికి రెట్టింపు వదలాలి. పిల్లల్ని స్కూల్లో దింపడానికి మాత్రం ఈ బండి వాడకండి, దానికి ఇంకో కారు ఉండాల్సిందే.

మైలేజీ కొలిచేటప్పుడు ట్యాంకు నిండా పోయించి, మళ్ళీ అదే బంకులో నిండా పోయించి, మధ్య మైళ్ళని గ్యాలన్లతో భాగించండి. గ్యాస్ మీటరు ముల్లుని నమ్మొద్దు. ఓడోమీటరుని ఫోన్ జీపీఎస్‌తో పది మైళ్ళు సరిచూడండి, పాత ఓనరు పెద్ద టైర్లు వేసి ఉంటే అది నిజం కంటే తక్కువ చూపిస్తుంది, మీకు మైలేజీ తక్కువ వస్తున్నట్టు అనిపిస్తుంది. ఒక్క ట్యాంకు చూసి తేల్చకండి, కనీసం నాలుగు సగటు తీయండి.

బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు గ్లవ్‌బాక్స్ మూత లోపల ఒక కాగితం అతికించి ఉంటుంది, యాక్సిల్ రేషియో దాని మీద రాసి ఉండాలి. చిరిగిపోయి ఉంటే ఇలా చేయండి: ముందు చక్రాలకి అడ్డం పెట్టి, వెనక ఒక్క చక్రాన్నే జాకీతో లేపి, కింద స్టాండు పెట్టి, న్యూట్రల్‌లో ఆ చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి (రెండో చక్రం నేల మీద ఆగి ఉంటుంది కాబట్టి ఒకటికి బదులు రెండు). డ్రైవ్‌షాఫ్ట్ మీద సుద్దముక్కతో గీత పెట్టి అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. మూడుకి కాస్త పైన అయితే 3.08, మూడూ ముప్పావుకి దగ్గరగా ఉంటే 3.73, నాలుగు దాటితే 4.11. 3.08 అయితే మీకు అదృష్టం కలిసొచ్చినట్టే, ఓవర్‌డ్రైవ్ గురించి ఆలోచించక్కర్లేదు. ఆ అంకె, టైరు మీద రాసి ఉన్న సైజు ఇక్కడ పెట్టండి, మీ రూట్లో ఎంత రావచ్చో లెక్క వేసి చెబుతాను.